వయోజనుల చదువుకు ధ్రువపత్రం: దాని విలువ ఎంత, హద్దు ఎంత?

గత సంచికలో రాత్రి బడుల గురించి రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పెద్దవయసులో అక్షరాలు, లెక్కలు నేర్చుకున్నవారి చదువును ఎవరు గుర్తించాలి, ఎలా గుర్తించాలి, చేతికి వచ్చిన కాగితం ఎందుకు పనికివస్తుంది అన్నవే పాఠకుల ప్రశ్నలు. ఉత్తరాలను కుదించి, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు తీసివేసి ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: మా గ్రామైక్య సంఘంలో నేను లెక్కల పుస్తకాలు రాస్తాను. ఉల్లాస్ కార్యక్రమంలో స్వచ్ఛంద బోధకురాలిగా చేరి, పదిమంది సభ్యులకు సాయంత్రం పూట చదువు చెబుతున్నాను. పరీక్ష దగ్గరపడింది. "ఈ వయసులో మాకు పరీక్ష ఏమిటమ్మా? ఆ సర్టిఫికెట్ చూపిస్తే పింఛను పెరుగుతుందా, పని దొరుకుతుందా?" అని వారు అడుగుతుంటే ఏం చెప్పాలో తోచడం లేదు. — బోధకురాలు, ప్రకాశం జిల్లా

సమాధానం: పింఛను పెరగదు. ఉద్యోగ ప్రకటనలో ఐదో తరగతో, ఎనిమిదో తరగతో, పదో తరగతో పాసై ఉండాలని అడిగిన చోట ఈ పత్రం ఒక్కటే సరిపోదు. ఈ రెండు మాటలు పరీక్షకు ముందే చెప్పండి. లేని ఆశ పెట్టి పరీక్ష రాయించిన చోట, ఆ తరువాత రెండో మెట్టు చదువుకు రమ్మంటే ఎవరూ రారు.

ఇక పరీక్ష సంగతి. 2022 నుంచి 2027 వరకు 5 కోట్ల మందికి పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం అందించాలన్న లక్ష్యంతో కేంద్రం చేపట్టిన కార్యక్రమం ఉల్లాస్. 15 ఏళ్లు నిండినవారు ఇందులో చేరవచ్చు. పరీక్ష మొత్తం 150 మార్కులకు. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. ప్రతి భాగంలోనూ కనీసం 33 శాతం రావాలి కనుక, ఒకరు గడగడా చదవగలిగినా లెక్కల్లో వెనుకబడితే ఉత్తీర్ణులు కారు. అలాంటివారిని ఇంకా మెరుగుపడవలసినవారుగా గుర్తించి, మరో విడతలో రాసే అవకాశం ఇస్తారు. తెలుగులోనే రాయవచ్చు. ఉత్తీర్ణులైనవారికి జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ ఎన్‌ఐఓఎస్ నుంచి ధ్రువపత్రం వస్తుంది.

ఇది ఈ మధ్య పుట్టిన ఆలోచన కాదు. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైన తరువాత జిల్లాల్లో జరిగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాలలో మూడు వాచకాలు ఉండేవి, పరీక్షలు ఆ వాచకాలలోనే ఇమిడి ఉండేవి. అప్పటి ప్రమాణాలు ఎంత నిర్దిష్టంగా ఉండేవో చూడండి: పైకి చదివితే నిమిషానికి 30 మాటలు, మౌనంగా చదివితే 35, చూచిరాత అయితే 7 మాటలు, చెప్పింది విని రాస్తే 5. అంకెలు 100 దాకా చదవాలి, రాయాలి; తూనికలు, కొలతలు, డబ్బు, కాలం లెక్క తెలియాలి. 2009 సెప్టెంబరు 8న మొదలైన సాక్షర భారత్ కార్యక్రమంలో ఎన్‌ఐఓఎస్‌తో కలిసి దేశమంతటికీ ఒకే తీరు పరీక్ష పెట్టడం మొదలైంది. దాని తొలి విడత 2010 ఆగస్టులో జరిగింది. ఏ ఊళ్లో ఎవరు చదువు చెప్పినా, చెప్పినవారితో సంబంధం లేని ఒక సంస్థ చూసి "అవును, వీరికి వచ్చు" అని సంతకం పెట్టడమే ఈ పత్రం విలువ. మీ సభ్యులతో అదే చెప్పండి. ఇన్నేళ్లుగా వేలిముద్ర వేయించుకున్నవారు ఇచ్చే కాగితం కాదిది, వారు తమ చేత్తో రాసి తెచ్చుకునే కాగితం.

ప్రశ్న: మా దగ్గర చదువుకునే ఒక పూలమ్మే అమ్మకు నోటిలెక్క అద్భుతంగా వస్తుంది. మూర ధర ఎంత చెప్పినా, ఎన్ని మూరలు అడిగినా, చిల్లర క్షణంలో లెక్కగట్టి చేతిలో పెడుతుంది. కాగితం మీద తీసివేత ఇస్తే మాత్రం తప్పుతుంది. మాదిరి పరీక్షలో లెక్కల భాగంలో ఆమెకు వచ్చిన మార్కులు చూసి నాకే బాధ కలిగింది. ఆమెకు లెక్కలు వచ్చినట్టా, రానట్టా? — డిగ్రీ విద్యార్థి, జనగామ జిల్లా

సమాధానం: వచ్చినట్టే. ఈ సంచికలో నేను అన్నిటికంటే ఎక్కువ చోటు ఇవ్వాలనుకున్న ఉత్తరం మీదే.

మీరు పంపిన కాగితంలో ఆమె చేసిన తప్పును చూశాను. 500 లోంచి 365 తీసివేయమంటే 265 అని రాసింది. ఇది గుడ్డిగా రాసిన అంకె కాదు. ఒకట్ల స్థానంలో సున్నా, అయిదు కనిపిస్తే పెద్దదానిలోంచి చిన్నది తీసి 5 వేసింది. పదుల్లో సున్నా, ఆరు కనిపిస్తే 6 వేసింది. వందల్లో అయిదులోంచి మూడు పోతే 2 వేసింది. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం అనే పద్ధతి ఆమెకు ఎవరూ చూపలేదు, లేదా చూపినా అది అర్థం లేని తంతుగా మిగిలిపోయింది. ఇప్పుడు కాగితం పక్కన పెట్టి, "365 రూపాయల పూలు కొని 500 నోటు ఇస్తే 265 చిల్లర ఇస్తావా అమ్మా?" అని అడగండి. "నా బేరం మునిగిపోదూ, 135 ఇస్తాను" అంటుంది. ఎలా లెక్కపెట్టావని అడిగితే, 365కు 35 వేస్తే 400, ఆపైన ఒక వంద, వెరసి 135 అని చెబుతుంది. అది తీసివేతే. కిందినుంచి పైకి ఎక్కుతూ చేసిన తీసివేత.

ఇటువంటిదే బ్రెజిల్ దేశంలో రెసిఫె నగరపు వీధుల్లో చిన్న బేరాలు చేసుకునే పిల్లలలో పరిశోధకులు గమనించి 1985లో ప్రచురించారు. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో ఆ పిల్లలు 98 శాతం సరిగ్గా చేశారు. అవే లెక్కలను సందర్భం లేకుండా అంకెలుగా కాగితం మీద ఇస్తే 37 శాతం మాత్రమే సరైనవి వచ్చాయి. తెలివి మారలేదు, అడిగిన తీరు మారింది.

కనుక ఆమెకు కొత్తగా లెక్కలు నేర్పుతున్నామనుకోకుండా, ఆమె దగ్గర ఇప్పటికే ఉన్న లెక్కకు రాత నేర్పుతున్నామనుకోండి. 365, 400, 500 అని ఒక గీత మీద ఎడమ నుంచి కుడికి రాయించి, మధ్య ఖాళీల్లో 35, 100 అని ఆమె చేతనే వేయించండి. ఆ తరువాతే అదే లెక్కను నిలువుగా రాసి, రెండు జవాబులూ ఒకటేనని ఆమెనే సరిచూసుకోమనండి. పరీక్షలో చిత్తు లెక్కకు చోటు ఉంటుంది. అక్కడ తన పద్ధతిలోనే చేసుకుని జవాబు మాత్రం గడిలో రాయవచ్చని ధైర్యం చెప్పండి.

మన ఊళ్లలో ఇలాంటి లెక్క ఎంత ఉందో గమనించినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అని తెలిసిన ముసలమ్మకు భిన్నాలు రావని ఎలా అంటాం? ఇరవై మంది నెలకు వెయ్యి చొప్పున కట్టే చిట్టీలో పాట 4,000 తగ్గితే, మనిషికి 200 కలిసివచ్చి ఈ నెల 800 కడితే చాలని గుక్కతిప్పుకోకుండా చెప్పే స్త్రీలు ప్రతి వీధిలో ఉన్నారు. అయితే ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నోటిలెక్కను పొగిడి అక్కడితో వదిలివేయడం వారికి మేలు కాదు. "నూటికి రెండు రూపాయల వడ్డీ" అంటే నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు వాడు "12 శాతం" అన్నప్పుడు అది ఏడాదికి. రెండూ పన్నెండూ పక్కపక్కన పెడితే రెండే చిన్నదనిపించి, ఖరీదైన అప్పును చవకైనదిగా ఎంచుకున్నవారిని నేను చూశాను. నోటిలెక్క ఆగిపోయి రాతలెక్క మొదలుకావలసిన చోటు సరిగ్గా ఇదే.

పనిలో అబ్బిన నైపుణ్యానికి గుర్తింపునిచ్చే ఏర్పాటు తాపీమేస్త్రీలకు, దర్జీలకు ఇప్పటికే ఉంది. పూర్వాభ్యసన గుర్తింపు పేరుతో, తరగతిలో కూర్చోకపోయినా చేతి పనిని పరీక్షించి పత్రం ఇస్తున్నారు. అక్షరాస్యతా పరీక్షలో మాత్రం చదవడాన్ని పైకి చదివించి చూస్తాము కానీ, లెక్కను నోటితో చెప్పించుకుని ఒక్క మార్కు కూడా ఇవ్వము. 50 మార్కుల లెక్కల భాగంలో 10 మార్కులైనా చిల్లర, వడ్డీ, కొలతల మీద నోటిపరీక్షకు కేటాయించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అప్పుడు మీ పూలమ్మే అమ్మ మొదటి పది నిమిషాల్లోనే భయం వదిలి కూర్చుంటుంది.

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. బడి గడప తొక్కలేదు. నిరుడు అక్షరాస్యతా పరీక్ష పాసైంది. ఇప్పుడు పదో తరగతి రాస్తానని పట్టుబడుతోంది. నేరుగా రాయవచ్చా? — పాఠకుడు, శ్రీకాకుళం

సమాధానం: రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో సార్వత్రిక విద్యాపీఠం, తెలంగాణలో ఓపెన్ స్కూల్ సొసైటీ, దేశవ్యాప్తంగా ఎన్‌ఐఓఎస్ ఇందుకే ఉన్నాయి. 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కరలేదు. పాసైనవి పక్కన ఉంచుకుని మిగిలినవి తరువాతి విడతల్లో రాసుకోవచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో గణితం తప్పనిసరి కాదు, గృహవిజ్ఞానం వంటి సబ్జెక్టులు ఎంచుకునే వీలుంది.

కానీ అమ్మగారి పునాది పరీక్షకు, పదో తరగతి పుస్తకానికి మధ్య ఉన్న దూరం ఎంతో మీరు ఒకసారి ఆమె పక్కన కూర్చుని చూడండి. సాంఘిక శాస్త్రంలో ఒక పేజీ చదివి, అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పగలిగితే నిశ్చింతగా ఫీజు కట్టండి. అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతున్న దశ అయితే ఎన్‌ఐఓఎస్ వారి ప్రాథమిక సార్వత్రిక విద్యలో చేర్చండి. అందులో మూడు స్థాయిలు ఉన్నాయి. అవి వరుసగా మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైనవిగా గుర్తింపు పొందాయి. ఐదుకు సమానమైన పత్రం ఒకటి చేతికి వస్తే, పదికి ఆగే ఓపిక దానంతట అదే వస్తుంది.

వయసు మీరినవారి చదువుకు తలుపు తెరవడం తెలుగువారికి కొత్త కాదు. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలై, తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం, ఇంటర్ చదవనివారికి సైతం అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. ఏ కాగితం తెచ్చావని అడగకుండా, ఏం వచ్చో చూపించమని అడిగిన ఏర్పాటు అది.

ప్రశ్న: మా కేంద్రంలో నలుగురు పరీక్షకు రామని తేల్చి చెప్పారు. ఒకామెకు బస్సు బోర్డు, సెల్‌ఫోన్‌లో మనుమడి పేరు చదవగలిగితే చాలట. వీరి పేర్లు లెక్కలో ఉండవు. ఆరు నెలల నా శ్రమకూ, వారి శ్రమకూ ఆధారమే మిగలదా? — స్వచ్ఛంద బోధకురాలు, అనంతపురం జిల్లా

సమాధానం: మిగులుతుంది, మీరు మిగిల్చితే. పరీక్షలేని వయోజన తరగతుల కోసం ఇంగ్లండులో ఒక పద్ధతి అమలులో ఉంది. కోర్సు దేనికో ముందు స్పష్టంగా చెబుతారు. చేరిన మనిషి ఎక్కడ ఉన్నారో మొదట చూస్తారు. ఆ మనిషికి ఏం కావాలో వారితోనే చెప్పించి రాసుకుంటారు. మధ్యమధ్యలో ఎంత వచ్చిందో నమోదు చేస్తారు. చివర కలిసి కూర్చుని సరిచూస్తారు. ఇందుకు మనకు కావలసింది ఒక నోటుబుక్కు మాత్రమే.

మొదటి పేజీలో ఆమె మొదటి రోజు వేసిన గీతలు, వంకరలు అలాగే ఉంచండి, చెరపవద్దు. తేదీ వేయండి. కింద ఆమె కోరిక ఆమె మాటల్లోనే రాయండి: బస్సు బోర్డు, మనుమడి పేరు. నెలకొకసారి అదే రోజున, ఆ నెల నిజంగా చదివిందీ రాసిందీ ఒక పేజీలో అంటించండి. కరెంటు బిల్లులో కట్టవలసిన మొత్తం కింద ఆమె గీసిన గీత, మాత్రల అట్ట మీద ఆమె వెతికి పట్టుకున్న గడువు తేదీ, బ్యాంకులో డబ్బు తీసుకునే ఫారంలో అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఆమె రాసిన 500, సంఘం తీర్మానాల పుస్తకంలో సంతకం ఉన్న పేజీకి తీసిన జిరాక్సు. ఇంటికి రాత్రి చీకట్లో ఏ బస్సెక్కి వచ్చిందో కూడా రాయండి. ఏడాది తిరిగేసరికి, ఏ మార్కుల జాబితా చెప్పలేనిది ఆ పుస్తకం చెబుతుంది. అలా పుస్తకం పెట్టుకున్నవారిలో కొందరు మరుసటి ఏడాది తామే పరీక్షకు పేరిచ్చారు. ఇవ్వనివారిని ఎవరూ తప్పుపట్టలేదు.

పరీక్షలో పడని చదువు ఎంత దూరం పోగలదో నెల్లూరు జిల్లాకు తెలిసినంతగా మరో జిల్లాకు తెలియదు. 1990 దశకం మొదట్లో అక్కడ జరిగిన అక్షరాస్యతా ఉద్యమంలో, సారాపై ఆడవాళ్లు ఏకమైన కథ ఉన్న ఒక పాఠాన్ని చదివి, చర్చించి, దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణం మీదికి నడిచారు. వారిలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నిమిషానికి 30 మాటలు చదవగలిగారా అని మాత్రమే చూసి ఉంటే ఆ స్త్రీలలో ఎందరు ఉత్తీర్ణులయ్యేవారో చెప్పలేము. చదివినదాన్ని అర్థం చేసుకున్నారా అన్న ప్రశ్నకు మాత్రం అంతకు మించిన జవాబుపత్రం ఉండదు.

ప్రశ్న: పేరు రాయగలిగినవారినల్లా అక్షరాస్యులంటున్నారు. కొన్నిచోట్ల పరీక్ష కూడా తంతుగా జరుగుతోంది. ఈ లెక్కలను నమ్మేదెలా? — విశ్రాంత ఉపాధ్యాయుడు, నిజామాబాద్

సమాధానం: రెండు వేర్వేరు లెక్కలు ఉన్నాయన్నది ముందు గుర్తించాలి. జనాభా లెక్కల్లో 7 ఏళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి రాయగలిగినవారిని అక్షరాస్యులుగా రాసుకుంటారు; దానికి పరీక్ష ఉండదు, ఇంటివారు చెప్పిందే ఆధారం. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 67.02 శాతం వచ్చింది అలాగే. కేంద్ర శ్రామిక సర్వే 2023-24లో ఆంధ్రప్రదేశ్‌కు 72.6 శాతం చూపింది. రాష్ట్రాల్లో అది అట్టడుగు అంకె. ఉల్లాస్ ధ్రువపత్రం దీనికి భిన్నం, అది ఒక్కొక్క మనిషి రాసిన జవాబుపత్రం మీద నిలిచి ఉంటుంది. 2024 జూన్‌లో లద్దాఖ్‌ను, 2025 మే నెలలో మిజోరాంను, ఆ తరువాత మరికొన్ని రాష్ట్రాలను సంపూర్ణ అక్షరాస్యత సాధించినవిగా ప్రకటించారు. 95 శాతం దాటితే సంపూర్ణమనే భావిస్తున్నారు.

తంతు సంగతి నిజమే. ఒక కేంద్రంలో అత్త పేరున్న జవాబుపత్రాన్ని ఇంటర్ చదివిన కోడలు నింపుతుంటే, పర్యవేక్షకుడు కిటికీవైపు తిరిగి నిలబడడం నేను కళ్లారా చూశాను. "పెద్దావిడ చేతులు వణుకుతున్నాయి, పోనివ్వండి" అన్నారు. ఆ పెద్దావిడ రెండు నెలలుగా తన పేరు, ఊరి పేరు, పిల్లల పేర్లు రాయడం నేర్చుకుని వచ్చింది. బల్ల అంచున కూర్చుని కోడలు రాస్తున్న కలం వంకే చూస్తూ ఉండిపోయింది. అంకె పెంచడానికి జరిగిన ఆ సాయం ఆమె దగ్గరున్న చదువును ఆమె చేతిలోంచి లాక్కుంది. మీలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు పరీక్ష రోజున కేంద్రానికి వెళ్లి ఒక పూట కూర్చుంటే ఇది చాలావరకు ఆగుతుంది.

పత్రాన్ని అడ్డుగోడగా వాడుకోవడం ఇంకో ప్రమాదం. హరియాణాలో పంచాయతీ అభ్యర్థులకు చదువు అర్హత పెట్టిన చట్టాన్ని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. బడి దొరకని తరం పోటీకే దూరమైంది. రవాణా వాహనాల డ్రైవర్లకు ఎనిమిదో తరగతి ఉండాలన్న నిబంధనను మాత్రం కేంద్రం 2019లో తొలగించింది. నా దృష్టిలో రెండోదే సరైన దారి.

ప్రశ్న: సర్టిఫికెట్‌లో మా అత్తయ్య పేరు తప్పుగా వచ్చింది. దిద్దించాలా, వదిలేయాలా? — పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: తప్పక దిద్దించండి, ఆలస్యం చేయవద్దు. ఈ పత్రం వెంబడి రేపు ఐదో తరగతి, ఎనిమిదో తరగతి స్థాయి పత్రాలు రావాలంటే అన్నిటిలోనూ పేరు, పుట్టిన తేదీ ఒకటే ఉండాలి. పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటి ఇంటిపేరు మరోచోట ఉండడం వల్ల ఓపెన్ స్కూల్ దరఖాస్తు దగ్గర ఆగిపోయిన స్త్రీలు చాలామంది. ఆధార్ కార్డు నకలు జతచేసి, మండల విద్యాశాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. ఆ దరఖాస్తును మీరు రాయకండి, అత్తయ్యగారినే రాయమనండి.